మూడు పనులూ చూడకుండానే వెళ్లిపోయిన మనిషి

ఫైనల్ ఇయర్‌లోకి అడుగు పెట్టగానే హాస్టల్లో ఒకటే చర్చ. రేపు ఏది నడుస్తుంది? ఏఐ నేర్చుకోవాలా, చిప్ డిజైన్ వైపు పోవాలా, ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీలు పట్టుకోవాలా? మెస్‌లో ఒకడు ఒకటి చెప్తాడు, రూమ్‌కి వచ్చేసరికి ఇంకొకడు దాన్ని కొట్టిపారేస్తాడు. నిన్న రాత్రి యూట్యూబ్‌లో చూసిన వీడియో ఇవాళ పొద్దున్నకి సలహా అయిపోతుంది. నేనూ ఈ గోలలో ఉన్నవాణ్ణే. అలాంటి టైమ్‌లో లైబ్రరీలో జంషెడ్‌జీ టాటా జీవితం గురించి చదివాను. ఆయన కూడా రేపు ఏం రాబోతోందో చూసి అడుగు వేసినవారే. కానీ ఆ చూడ్డం మనం అనుకునేలా లేదు. అందుకే మీతో పంచుకుందామని ఇది రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం. టాటా అనగానే మనకి ఉక్కు గుర్తొస్తుంది, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ గుర్తొస్తుంది, కరెంటు కంపెనీ గుర్తొస్తుంది. 1904లో జంషెడ్‌జీ చనిపోయేనాటికి ఈ మూడింటిలో ఒక్కటి కూడా లేదు.

నవసారి నుంచి హాంకాంగ్‌కి

ఆయన 1839 మార్చి 3న గుజరాత్‌లోని నవసారిలో పుట్టారు. పార్సీ పురోహితుల కుటుంబం. తరతరాలుగా చేస్తున్న పౌరోహిత్యం వదిలి తండ్రి నసర్వాన్‌జీ బొంబాయి వెళ్లి వ్యాపారం పెట్టారు. కొడుకుని ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చదివించారు. 1858లో చదువు పూర్తయింది. మరుసటి ఏడాదే తండ్రి ఆయన్ని హాంకాంగ్ పంపారు.

అప్పటి బొంబాయి వ్యాపారుల సరుకులు ముఖ్యంగా రెండు: పత్తి, నల్లమందు. వీళ్ల సంస్థ కూడా ఆ రెండూ అమ్మింది. ఇది దాచాల్సిన పని లేదు. ఆ కాలపు బొంబాయి సంపదలో చాలా భాగానికి ఆ మరక ఉంది.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. అక్కడి పత్తి ఆగిపోవడంతో లాంక్‌షైర్ మిల్లులన్నీ మన పత్తి మీద పడ్డాయి. బొంబాయిలో డబ్బు వరదలా పారింది. కొత్త బ్యాంకులు, కొత్త కంపెనీలు, షేర్ల పిచ్చి. ఇవాళ్టి స్టార్టప్ బూమ్ కథలు విన్నవాళ్లకి ఇదేం కొత్తగా అనిపించదు. ఆ ఊపులోనే ఒక భారతీయ బ్యాంకు పెట్టే ఉద్దేశంతో జంషెడ్‌జీని లండన్ పంపారు. ఆయన అక్కడ ఉండగానే, 1865లో యుద్ధం ముగిసింది. పత్తి ధర కుప్పకూలింది. ఆయన చేతిలో ఉన్న హుండీలు చిత్తు కాగితాలయ్యాయి.

అప్పటికి ఆయనకి ఇరవై ఆరేళ్లు. పరాయి దేశం, చుట్టూ అప్పులవాళ్లు. ఆయన తప్పించుకు తిరగలేదు. ఉన్న లెక్కలన్నీ వాళ్ల ముందు పెట్టారు. ఆ నిజాయితీ చూసి అప్పులవాళ్లు, సంస్థ లెక్కలు తేల్చే లిక్విడేటర్‌గా ఆయన్నే పెట్టుకుని నెలకింత అని జీతం ఇచ్చారు. సొంత దివాలాకి తానే గుమస్తా అన్నమాట!

ట్రెండ్ అనేది ఎంత త్వరగా పైకి తీసుకెళ్తుందో అంత త్వరగా కింద పడేస్తుందని ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. ఇంకొకటి కూడా కనిపించింది. మన పత్తి ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్లి, గుడ్డై తిరిగొచ్చి మన దగ్గరే అమ్ముడవుతోంది. అసలు లాభం మరమగ్గం దగ్గర ఉంది, పత్తి మూట దగ్గర లేదు.

నాగపూర్‌లో మిల్లు

1868లో 21,000 రూపాయలతో సొంతంగా వ్యాపారం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది బొంబాయి చించ్‌పోక్లీలో మూతపడ్డ ఒక నూనె మిల్లు కొని, దాన్ని బట్టల మిల్లుగా మార్చారు. రెండేళ్లలో లాభానికి అమ్మేశారు. తర్వాత లాంక్‌షైర్ వెళ్లి అక్కడి పనిని దగ్గరుండి చూసి వచ్చారు.

అందరూ బొంబాయిలోనే మిల్లులు కడుతున్నప్పుడు ఆయన నాగపూర్ ఎంచుకున్నారు. చూసుకున్నవి మూడే: పత్తి పండే నేల దగ్గరుండాలి, రైలు ఉండాలి, నీళ్లూ బొగ్గూ అందాలి. ఆయన కొన్నది చిత్తడి నేల, దాన్ని మట్టితో పూడ్చాలి. అందులో డబ్బు పోయడం ఎందుకని పెట్టుబడి పెట్టనన్నవాళ్లూ ఉన్నారు. 1877 జనవరి 1న ఎంప్రెస్ మిల్లు తెరుచుకుంది. నడిపించే బాధ్యత బెజన్‌జీ మెహతాకి ఇచ్చారు. ఆయన రైల్వే సరుకుల విభాగం నుంచి వచ్చిన మనిషి, బట్టల పనిలో కొత్త.

మన మెకానికల్ వాళ్లకి నచ్చే సంగతి ఇక్కడుంది. ఆ రోజుల్లో నూలు వడికేది మ్యూల్ అనే యంత్రం మీద. అది దారాన్ని లాగి మెలిపెడుతుంది, తర్వాత ఆగి చుడుతుంది, మళ్లీ లాగుతుంది. నడపడానికి బాగా చెయ్యి తిరిగిన పనివాడు కావాలి. అమెరికా నుంచి వచ్చిన రింగ్ కదురు అలా కాదు. మెలిపెట్టడం, చుట్టడం రెండూ ఆగకుండా ఒకేసారి చేస్తుంది. వేగం ఎక్కువ, నేర్చుకోవడం తేలిక. అయినా లాంక్‌షైర్ పెద్దగా పట్టించుకోలేదు. వాళ్ల దగ్గర మ్యూళ్లు ఉన్నాయి, వాటి మీద ఆరితేరిన కార్మికులు ఉన్నారు, సన్న నూలు మార్కెట్ ఉంది. మారాల్సిన అవసరం వాళ్లకి కనపళ్లేదు.

జంషెడ్‌జీ కూడా ఒక్కసారిగా పాతవన్నీ పీకెయ్యలేదు. 1880ల మొదట్లో ముందు రెండంటే రెండు రింగ్ ఫ్రేములు తెప్పించి నాగపూర్‌లో నడిపించి చూశారు. మనం వడికే ముతక నూలుకి అవి బాగా సరిపోయాయి. లెక్క కుదిరాకే మిగతావి మార్చారు. ఇంగ్లండ్‌లో చాలా మిల్లులు ఆ తర్వాత దశాబ్దాలపాటు మ్యూళ్లనే పట్టుకుని వేలాడాయి.

యంత్రాలతోపాటు మనుషుల సంగతీ చూశారు. మిల్లులో గాలి తేమగా ఉండే ఏర్పాటు, నిప్పంటుకుంటే ఆర్పే స్ప్రింక్లర్లు పెట్టారు. 1886లో పింఛను నిధి, 1895లో ప్రమాదానికి పరిహారం ఇవ్వడం మొదలైంది. చట్టాలు అడగకముందే చేసిన పనులివి.

తప్పిన లెక్కలు

ఇంతవరకు చదివితే పట్టిందల్లా బంగారమైందని అనిపిస్తుంది. కాదు. 1886లో బొంబాయి కుర్లాలో మునిగిపోయిన ఒక మిల్లుని పన్నెండున్నర లక్షలకి కొన్నారు. చవగ్గా వచ్చిందనుకున్నారు. తీరా చూస్తే లోపల యంత్రాలన్నీ పాత ఇనుము. రోజూ ఏదో ఒకటి విరిగేది. షేరు ధర పడిపోయింది, ఆయన పేరే ప్రమాదంలో పడింది. సొంత డబ్బు పోసి, నాగపూర్ నుంచి అనుభవం ఉన్నవాళ్లని తెచ్చి, యంత్రాలు మార్చి దాన్ని నిలబెట్టారు. ఆ మిల్లుకి ఆయన పెట్టుకున్న పేరు స్వదేశీ. బెంగాల్లో స్వదేశీ ఉద్యమం రావడానికి ఇంకా దాదాపు ఇరవై ఏళ్లుంది.

ఓడల విషయంలో నిలబెట్టడమూ కుదరలేదు. చైనా, జపాన్‌లకి నూలు పంపాలంటే పీ అండ్ ఓ లాంటి పెద్ద కంపెనీలు చెప్పిందే కిరాయి. 1893లో జపాన్ వెళ్లి అక్కడి ఎన్‌వైకే కంపెనీతో కలిసి సొంత ఓడలైను పెట్టారు. వెంటనే పోటీవాళ్లు కిరాయి పాతాళానికి దించేశారు. మొదట్లో వెంట ఉంటామన్న బొంబాయి వర్తకులు చవగ్గా దొరికేసరికి అటు వెళ్లిపోయారు. టాటా లైను మూతపడింది. డిస్కౌంట్లు గుప్పించి చిన్నవాణ్ణి తినెయ్యడం యాప్‌ల కాలంలో పుట్టిన విద్య అని మనం అనుకుంటాం గానీ, అది పాతదే. ఈజిప్టు పత్తిని మన నేలలో పండించాలని కూడా చాలా ప్రయత్నించారు. అదీ అనుకున్నంత నిలవలేదు.

ఉక్కు, నీళ్లు, చదువు

ఇక ఆ మూడు పనులు. 1882లో ఒక జర్మన్ నిపుణుడి నివేదిక ఆయన చేతికొచ్చింది. మన ఆదిలాబాద్ వైపు సరిహద్దుకి అవతలే ఉన్న చందా జిల్లాలో, అంటే ఇప్పటి చంద్రపూర్‌లో, లోహారా దగ్గర మంచి ఇనుప ఖనిజం ఉందని అందులో ఉంది. దగ్గర్లో వరోరా బొగ్గు కూడా ఉంది. ఆ బొగ్గుని జర్మనీలో పరీక్ష చేయిస్తే ఉక్కు పనికి సరిపోదని తేలింది. గనుల లీజు నియమాలు కూడా ఎవరూ ముందుకు రాలేనంత కఠినంగా ఉన్నాయి. పని ఆగింది గానీ ఫైలు మూయలేదు. పదిహేడేళ్లు ఆగారు. 1899లో కర్జన్ ప్రభుత్వం నియమాలు సడలించగానే మళ్లీ కదిలారు. 1902లో, అరవై మూడేళ్ల వయసులో, ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉండగా అమెరికా వెళ్లారు. పిట్స్‌బర్గ్, క్లీవ్‌లాండ్, అలబామాలోని బర్మింగ్‌హామ్ తిరిగి కొలుములు చూశారు. న్యూయార్క్‌లో చార్లెస్ పెరిన్ అనే ఇంజనీరు ఆఫీసుకి నేరుగా వెళ్లి పనిలోకి రమ్మని ఒప్పించారు. అదే ఏడాది కొడుకు దోరాబ్‌జీకి ఉత్తరం రాస్తూ, రాబోయే ఉక్కు ఊళ్లో వీధులు వెడల్పుగా ఉండాలని, త్వరగా పెరిగి నీడనిచ్చే చెట్లు నాటాలని, ఆటస్థలాలూ అన్ని మతాల గుళ్లకీ చోటూ వదలాలని చెప్పారు. అప్పటికి ఆ ఊరు ఎక్కడ వస్తుందో కూడా తెలియదు!

రెండోది కరెంటు. బొంబాయి మిల్లులన్నీ బొగ్గు మీద నడిచేవి. దూరం నుంచి తెచ్చే బొగ్గు, ఊరంతా పొగ. పడమటి కనుమల్లో కురిసే వాన లోనావ్లా దగ్గర చెరువుల్లో పట్టి, 500 మీటర్లకు పైగా కిందికి దూకించి కరెంటు తియ్యాలన్నది ఆలోచన.

మూడోది చదువు. విదేశాల్లో పై చదువులకి అప్పుగా డబ్బిచ్చే నిధిని 1892లోనే పెట్టారు. అది సరిపోదని, పరిశోధన ఇక్కడే జరగాలని 1898లో బొంబాయిలోని తన భవనాలు, స్థలాలు రాసిస్తానన్నారు. విలువ 30 లక్షలు, ఆయన ఆస్తిలో దాదాపు సగం. కర్జన్‌కి నమ్మకం కుదరలేదు. ఇంత పెద్ద చదువుకి విద్యార్థులు దొరుకుతారా, చదివినవాళ్లకి ఉద్యోగాలేవి అన్నది ఆయన అనుమానం. మనింట్లో నాన్నలు అడిగే ప్రశ్నే ఇది. దానికి జంషెడ్‌జీ దగ్గర గట్టి జవాబు ఉండే అవకాశం లేదు. ఉద్యోగాలిచ్చే పరిశ్రమలూ అప్పటికి కాగితం మీదే ఉన్నాయి. ఉక్కు, కరెంటు, చదువు ఒకదానికొకటి ఆధారం, మూడూ కలిసి లేవాలని ఆయన అర్థం చేసుకున్నారు.

ఆయన కళ్లారా చూసింది తాజ్‌మహల్ హోటల్ ఒక్కటే. 1903 డిసెంబరు 16న తెరిచారు. కరెంటు దీపాలు, జర్మనీ లిఫ్టులు, అమెరికా ఫ్యాన్లు. అయిదు నెలలకే, 1904 మే 19న, జర్మనీలోని బాద్ నౌహైమ్‌లో కన్నుమూశారు. ఇంగ్లండ్‌లోని బ్రూక్‌వుడ్‌లో సమాధి చేశారు.

ఆ తర్వాత

ఆయన పోయేనాటికి పెరిన్ పంపిన మనుషులు ఇంకా ఖనిజం కోసం అడవుల్లో వెతుకుతూనే ఉన్నారు. అదే ఏడాది ఫిబ్రవరిలో భూగర్భ శాస్త్రవేత్త పి.ఎన్. బోస్ రాసిన ఉత్తరం మయూర్‌భంజ్ కొండల దారి చూపింది. 1907లో ఉక్కు కంపెనీ పెట్టారు. లండన్ డబ్బు దొరక్కపోతే బొంబాయిలో షేర్లు అమ్మారు. మూడు వారాల్లో సుమారు 8,000 మంది భారతీయులు 2 కోట్ల 32 లక్షలు పెట్టారు. సువర్ణరేఖ, ఖర్‌కాయి నదులు కలిసే సాక్చీ దగ్గర 1912లో ఉక్కు వచ్చింది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. తర్వాతి రోజుల్లో పని వెతుక్కుంటూ అక్కడికి వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మైసూరు సంస్థానం 371 ఎకరాలిస్తే బెంగళూరు సంస్థ 1909లో ఏర్పడి, 1911లో మొదటి విద్యార్థుల్ని చేర్చుకుంది. ఖొపోలీ నుంచి బొంబాయికి 1915లో కరెంటు పారింది.

రేపు ఏది నడుస్తుందో ఆయనకి మనకన్నా ఎక్కువ తెలుసని ఈ జీవితం చదివాక నాకనిపించలేదు. షేర్ల బూమ్ నమ్మి మునిగారు, ఓడల్లో ఓడిపోయారు, పాత మిల్లు కొని చిక్కుల్లో పడ్డారు. కానీ కొత్తది వస్తే పుట్టిన చోటికి వెళ్లి చూశారు. రెండు ఫ్రేములతో పరీక్షించి తర్వాత నమ్మారు. వీల్లేనప్పుడు ఆగారు, ఆగినా వదల్లేదు. తన తర్వాత పని సాగేలా మనుషుల్నీ డబ్బునీ సిద్ధం చేసి ఉంచారు. మనం రేపు అంటే వచ్చే ప్లేస్‌మెంట్ సీజన్ అనుకుంటున్నాం. ఆయన రేపు అంటే తాను లేని రోజు కూడా.

మా రూమ్‌లో ఇద్దరు గేట్‌కి చదువుతున్నారు. ఇద్దరిదీ మొదటి కోరిక బెంగళూరే. అక్కడ చదివేది ఎవరో, వాళ్లకి ఉద్యోగం ఎక్కడొస్తుందో తెలియకుండానే 1898లో ఒకాయన వాళ్ల కోసం సగం ఆస్తి పక్కన పెట్టారని రాత్రి చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకడు లైటు ఆర్పకుండా పుస్తకం మళ్లీ తెరిచాడు.