గుడారమే గృహముగా: సర్ థామస్ మన్రో

మైసూరు పీఠభూమి అంచున నున్న మడకశిర సీమలో జీవనది లేదు. 2022 వరకు ఈ సీమ చేరియుండిన అనంతపురము జిల్లాలో ఏటా కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వాన కురిసిన చెరువు నిండును. చెరువు నిండిన బావి ఊరును. ఆ రెండును తప్పినచో రైతు ఎద్దులను తోలుకొని పొరుగుసీమకు పోవలసినదే. ఇట్టి నేలను పాలింపవచ్చిన ఒక విదేశీయుడు ఏడేండ్లలో అధిక భాగము గుడారములలోనే కాపుర ముండెను. ఆతడే సర్ థామస్ మన్రో.

మన్రో 1761 మే 27న స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరములో జన్మించెను. తండ్రి అమెరికాతో పొగాకు వర్తకము చేయుచు, అచటి స్వాతంత్ర్య యుద్ధమువలన నష్టపడెను. కుమారుడు బ్రతుకుదెరువునకై కుంపిణీ సైన్యమున చేరి 1780లో చెన్నపట్టణము చేరుకొనెను. హైదరుతోడి యుద్ధములలో పాల్గొనెను. 1792 నుండి బారామహలులో కెప్టెన్ రీడ్ కడ రివిన్యూ పని నేర్చెను. ధర్మపురిలో తాను పెంచుకొన్న తోటపై ఆతనికి మిక్కిలి మక్కువ. 1799లో దానిని విడిచి కన్నడ తీరమునకు పోవలసివచ్చెను.

1800లో నిజాము తుంగభద్రకు దక్షిణమున నున్న సీమను కుంపిణీకి దత్తము చేసెను. అవియే దత్తమండలములు, 1928లో నంద్యాలలో రాయలసీమ యను పేరు పొందినవి. మన్రో వీటికి ప్రధాన కలెక్టరుగా వచ్చి అనంతపురమును ముఖ్యస్థానముగా చేసికొనెను. వైశాల్యము 26 వేల చదరపు మైళ్లకు పైబడినది. పాలెగాండ్రు ఎనుబదిమంది వరకు ఉండిరి. గ్రామములు కొన్ని పాడుపడియుండెను. బాటలు సరిగా లేవు. ఒకచోట కూర్చుండి ఈ సీమను తెలిసికొనుట అసాధ్యమని గ్రహించి, ఆతడు గుడారమునే కచ్చేరిగా చేసికొనెను.

గుడారపు బ్రతుకు విహారము కాదు. ఎండకాలమున గుడ్డక్రింద నిప్పుల కొలిమి. వానకాలమున గాలికి త్రాళ్లు తెగును, లెక్కల కాగితములు తడియును. త్రాగు నీరు ఆ యూరి చెరువుదో బావిదో కావలయును. అది ఎండినచో విడిది ఎత్తవలసినదే. గడ్డి, కట్టెలు, పాలు గ్రామము నుండియే రావలయును గనుక కరవుకాలమున దొరగారి విడిది యన్న ఊరికి భయము. అయినను ఒక లాభము గలదు. గోడలు, తలుపులు, ద్వారపాలకులు లేనిచోట రైతు నేరుగా లోనికి రాగలడు. మన్రో తెల్లవారుజామున లేచి గుడారము ముందర పచారు చేయుచుండగా, ముందుగనే కాచుకొనియున్న జనము తమ మొరలు చెప్పుకొనుచుండిరి. సిపాయిల కావలి లేకయే ఆతడు తరచుగా సంచరించెను.

ఈ సంచారముతోపాటు భూముల కొలత సాగెను. 33 అడుగుల గొలుసుతో పొలము పొలము కొలిచిరి. ఆ గొలుసు పొడవు వెడల్పులు గల చదరములు నలుబది యైన ఎకరము. పిదప మెట్ట, మాగాణి, తోట అని విభజించి శిస్తు నిర్ణయించిరి. ఇంతలో 1803లో అనావృష్టి, 1804లో అతివృష్టి వచ్చినవి. ఎండిన చెరువులు నిండీ నిండకయే తెగిపోయినవి. కరవుసీమలో నీరున్న భూమి యనగా నిశ్చింత కాదనియు, గట్టు వేయుటకును బావి త్రవ్వుటకును రైతు పెట్టిన సొమ్ము ఒక్క కారులో కొట్టుకొనిపోవుననియు తెలియుటకు అంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

మన్రో కుంపిణీ ఉద్యోగి. పన్ను వసూలు చేయుటయే ఆతని పని. తాను విధించిన శిస్తు భారమైనదే. కాని ఆ సంగతిని ఆతడే ఒప్పుకొనుట విశేషము. 1807 ఆగస్టు 15న వ్రాసిన నివేదికలో భూములన్నిటిపై నూటికి 25 వంతులును, చెరువు, బావి భూములపై మరి 8 వంతులును తగ్గింపవలెననియు, రైతు తనకు వలదన్న పొలమును విడుచుకొను స్వేచ్ఛ యుండవలెననియు కోరెను. పైవారు అంగీకరింపలేదు. ఆతడు స్వదేశమునకు వెడలిన పిమ్మట గ్రామములను మొదట మూడేండ్లకు, తరువాత పదేండ్లకు గుత్తకిచ్చిరి, ఊళ్లు చితికినవి. 1820లో మన్రో చెన్నపట్టణమునకు గవర్నరుగా వచ్చినపుడుగాని ఆ తగ్గింపు అమలు కాలేదు. పదుమూడేండ్ల ఆలస్యమునకు మూల్యము చెల్లించినది రైతే.

1826లో ఆతని భార్య జబ్బుపడిన చిన్న కుమారునితో స్వదేశమునకు వెడలెను. మరుసటి యేడు తానును పయనమగుటకు ముందు, దత్తమండలములను కడసారి చూడగోరి మన్రో బయలుదేరెను. మరల గుడారములే, మరల ఊరూరి నీరే. విడిదిలో కలరా పొడసూపెను. 1827 జులై 6న పత్తికొండలో ఉదయమున జబ్బు సోకి రాత్రికి కన్నుమూసెను. గుత్తిలో ఖననము చేసిరి. 1831లో అస్థికలను చెన్నపట్టణపు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించిరి.

చెన్నపట్టణమున ఆతనికి గుఱ్ఱమెక్కిన కంచు విగ్రహము గలదు. పత్తికొండలో ఆతని జ్ఞాపకార్థము తోపు వేసి బావి త్రవ్వించిరి. సీమలో బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. నీటి విలువ తెలిసిన అధికారికి కరవు నేల చూపగల మర్యాద అదియే.