భూకంప శాస్త్రవేత్త జాన్ మిల్న్

నిండిన చెరువులో రాయి వేస్తే నీటిపై అలలు పుట్టి, వలయాలుగా నలుదిక్కులకు వ్యాపిస్తాయి. కొంతసేపటికి అవి గట్టును చేరుతాయి. అక్కడ తేలుతున్న ఆకు మెల్లగా కదులుతుంది. రాయి పడటం చూడనివాడు కూడా ఆ ఆకు కదలికను బట్టి చెరువులో ఏదో పడిందని గ్రహించగలడు. కాని ఎక్కడ పడిందో ఒక్క ఆకును చూచి చెప్పలేడు. చెరువు చుట్టూ నలుగురు నిలబడి, తమ ముందున్న ఆకు ఏ క్షణంలో కదిలిందో గుర్తుపెట్టుకొని, ఆ కాలాలను పోల్చి చూచుకొంటే ఆ చోటు తెలుస్తుంది.

భూమిలో పుట్టే కంపనలు కూడా ఇటువంటివే. ఎక్కడో ఒకచోట నేల అదిరితే ఆ కదలిక అలలుగా మారి భూగోళమంతటా వ్యాపిస్తుంది. ఆ అలలను పట్టుకొనే పరికరాన్ని తయారుచేసి, దేశదేశాలలో నిలిపి, వాటి లెక్కలను ఒక్కచోటికి చేర్చిన మహనీయుడు జాన్ మిల్న్.

మిల్న్ 1850 డిసెంబరు 30న ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో జన్మించారు. లండనులో కింగ్స్ కళాశాలలోను, ఆ తరువాత రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లోను చదివి గనుల శాస్త్రంలో నిపుణులయ్యారు. చిన్ననాటి నుండి ఆయనకు దేశసంచారమంటే మక్కువ. న్యూఫౌండ్‌లాండు దీవిలో ఖనిజాలను వెదికారు. 1874లో ఈజిప్టు, అరేబియా ఎడారులలో తిరిగారు.

ఆ రోజులలో జపాను ప్రభుత్వం తన యువకులకు కొత్త విద్యలు నేర్పటానికి విదేశాల నుండి పండితులను పిలిపించుకొంటున్నది. టోక్యోలోని ఇంజనీరింగు కళాశాలలో గనుల శాస్త్రాన్ని, భూగర్భ శాస్త్రాన్ని బోధించే పదవి మిల్న్‌కు లభించింది. 1875లో ఇంగ్లండు విడిచి, ఓడలో నేరుగా పోక, రష్యా, సైబీరియా, చైనాల మీదుగా నెలల తరబడి ప్రయాణించి 1876 మార్చిలో టోక్యో చేరారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై అయిదేండ్లు.

జపాను భూకంపాలకు పుట్టినిల్లు. గనుల గురించి పాఠం చెప్పడానికి వచ్చిన మిల్న్ మనస్సు క్రమంగా కదిలే నేల మీదికి మళ్ళింది. 1880 ఫిబ్రవరి 22న యొకొహామా పట్టణం గట్టిగా కంపించింది. పొగగొట్టాలు కూలాయి. ఇండ్ల గోడలు బీటలు వారాయి. ఆ ఏడాదే మిల్న్, ఆయన మిత్రులు కలిసి జపాను భూకంప సంఘాన్ని స్థాపించారు. భూకంపాల పరిశీలనకే ఏర్పడిన సంఘాలలో ప్రపంచంలో ఇదే మొదటిది.

అప్పటికి భూకంపం వచ్చిందని చెప్పే పరికరాలు కొన్ని ఉన్నాయి. కాని నేల ఎంతగా కదిలింది, ఎంతసేపు కదిలింది అనే విషయాలను అవి సరిగా చెప్పలేవు. ఇక్కడొక చిక్కు ఉంది. నేల కదిలినప్పుడు దాని మీద ఉన్నవన్నీ కదులుతాయి. మరి కదలికను కొలవాలంటే కదలని వస్తువు ఒకటి కావాలి గదా! ఆగివున్న బండి ఒక్కసారి ముందుకు ఉరికితే, అందులో నిలబడినవాడు వెనుకకు తూలుతాడు. బరువైన వస్తువు తానున్న చోటనే ఉండజూస్తుంది. ఈ గుణాన్ని ఆధారం చేసుకొని మిల్న్, తన తోటి ఆచార్యులైన జేమ్స్ ఆల్ఫ్రెడ్ యూయింగ్, థామస్ గ్రే గారలతో పాటు, అడ్డంగా ఊగే లోలకాలతో భూకంప లేఖినులను రూపొందించటానికి పూనుకొన్నారు. ముగ్గురిలో ఒకరి ఆలోచన మరొకరికి తోడ్పడింది.

మిల్న్ ఒక్క పరికరంతో తృప్తి పడలేదు. టోక్యో చుట్టుపట్ల ఊళ్ళలోని ప్రభుత్వ కార్యాలయాలకు పోస్టుకార్డుల కట్టలు పంపారు. వారానికొక కార్డు మీద, ఆ వారంలో నేల ఎప్పుడు కంపించిందో రాసి పంపమని కోరారు. ఆ కార్డులన్నీ చేరిన తరువాత భూకంపాలలో ఎక్కువ భాగం సముద్రం వైపు నుండి వస్తున్నట్లు తేలింది. మరొకసారి ఎత్తు నుండి బరువైన ఇనుప దిమ్మెను నేల మీదికి పడవేయించి, ఆ అదురు ఎంత వేగంతో పోతున్నదో వేర్వేరు చోట్ల నిలిపిన పరికరాలతో కొలిచారు. డైనమైటు పేల్చి కూడా ఇటువంటి పరీక్షలు చేశారు. మెత్తని నేలలో కదలిక ఒక తీరుగాను, గట్టి నేలలో మరొక తీరుగాను ఉంటుందని గ్రహించారు.

1881లో మిల్న్ టోనె అనే జపాను వనితను వివాహమాడారు. ఆమె హకొదాతె పట్టణంలోని ఒక బౌద్ధాలయ ప్రధాన గురువు కుమార్తె.

1891 అక్టోబరు 28న మధ్య జపానులో మహా భూకంపం సంభవించింది. ఏడు వేల మందికి పైగా మరణించారు. పాశ్చాత్య పద్ధతిలో కొత్తగా కట్టిన ఇటుక భవనాలు అనేకం కూలిపోయాయి. మిల్న్ ఆ ప్రదేశాలకు పోయి పరిశీలించారు. కూలిన గోడలు, విరిగిన వంతెనలు ఆయనకు ఒక సత్యాన్ని నేర్పాయి. మనుషులను చంపేది నేల కదలిక మాత్రమే కాదు, దానిని లెక్కచేయక కట్టిన కట్టడాలు కూడా.

ప్రతి పెద్ద భూకంపాన్ని తగిన పరికరముంటే భూమి మీద ఏ చోటనైనా గుర్తించవచ్చునని మిల్న్ 1883లోనే ఊహించారు. 1889లో జపానులో పుట్టిన ఒక భూకంపపు అలలు జర్మనీలోని పొట్స్‌డాం నగరంలో ఉన్న సున్నితమైన పరికరంపై నమోదై ఆ ఊహను నిజం చేశాయి.

ఇంతలో ఆయనపై పెద్ద దెబ్బ పడింది. 1895 ఫిబ్రవరి 17న మిల్న్ ఇల్లు, పరిశోధనాలయం అగ్నికి ఆహుతి అయ్యాయి. ఎన్నో ఏండ్లుగా కూర్చుకొన్న పుస్తకాలు, పరికరాలు, రాతలు బూడిద అయిపోయాయి. ఆ ఏడే ఆయన టోనెతోను, షినొబు హిరొట అనే జపాను సహాయకునితోను ఇంగ్లండుకు తిరిగి వచ్చి, వైట్ దీవిలో షైడ్ అనే చిన్న ఊరిలో స్థిరపడ్డారు. మరొకరైతే ఇక చాలునని ఊరుకొనేవారు. మిల్న్ మళ్ళీ మొదటి నుండి ఆరంభించారు.

ఒకచోట పోగుచేసిన రాతలు ఒక్క నిప్పురవ్వతో పోతాయి. ఒక్క పరికరం చెప్పేది కూడా సగం మాటే. అందుచేత ఒకే రకమైన పరికరాలను లోకమంతటా నిలపాలని, వాటి లెక్కలను అచ్చువేసి అందరికీ పంచాలని ఆయన సంకల్పించారు. బ్రిటిష్ అసోసియేషను అనే విజ్ఞాన సంస్థ ఇందుకు అండగా నిలిచింది.

మిల్న్ పరికరం తేలికైనది, చౌకైనది, దూరదేశాలలో సైతం నిలుపుకోదగినది. నేలలో గట్టిగా పాతుకొన్న ఇటుక స్తంభానికి ఒక సన్నని కడ్డీ అడ్డంగా అమర్చి ఉంటుంది. నేల కదిలితే కడ్డీ కొస అటూ ఇటూ ఊగుతుంది. కొస వద్దనున్న సన్నని చీలిక గుండా దీపపు వెలుగు చుక్కగా పడుతుంది. దాని కింద గడియారపు యంత్రంతో ఫోటో కాగితం మెల్లగా జరుగుతూ ఉంటుంది. నేల నిశ్చలంగా ఉంటే కాగితంపై తిన్నని గీత, కంపిస్తే వంకర గీత ఏర్పడుతుంది. గంటకొకసారి గడియారపు ముల్లు వెలుగుకు అడ్డువచ్చి గుర్తు పెడుతుంది. ఈ గుర్తులే ప్రాణం. కాలం తెలియని గీత ఎంత చక్కగా ఉన్నా దానితో భూకంపపు చోటును లెక్కకట్టలేము.

ముందు చిన్న కంపనలు, తరువాత పెద్ద అలలు రావటాన్ని మిల్న్ గమనించారు. మెరుపుకు, ఉరుముకు నడుమ ఎడం పెరిగేకొద్దీ పిడుగు దూరాన పడిందని అనుకొంటాము గదా! అదే విధంగా ఈ రెండు కదలికల నడుమ గల కాలాన్ని బట్టి భూకంపం ఎంత దూరంలో పుట్టిందో లెక్కకట్టే మార్గాన్ని ఆయన వృద్ధిచేశారు.

1897 జూన్ 12న అస్సాంలో మహా భూకంపం వచ్చింది. దాని అలలు ఇటలీలోని పరికరాలపై కూడా నమోదయ్యాయి. కాని అప్పటికి మన దేశంలో ఇటువంటి కేంద్రమే లేదు. 1898 డిసెంబరు 1న కలకత్తాలోని అలిపూర్‌లో మొదటి కేంద్రం ఏర్పడింది. ఆ వెనుక బొంబాయిలోని కొలాబాలోను, తమిళనాడులోని కొడైకెనాల్ కొండ మీదను మిల్న్ పరికరాలు పనిచేయసాగాయి. ఇలా దేశదేశాలలో ముప్పైకి పైగా కేంద్రాలు నెలకొన్నాయి. వాటి లెక్కలన్నీ షైడ్ చేరేవి. 1900 నుండి 1912 వరకు మిల్న్ వాటిని అచ్చువేయించి పంచిపెట్టారు.

మిల్న్ పరికరంలో లోపాలు లేకపోలేదు. ఒకసారి కదిలిన కడ్డీ త్వరగా ఆగేది కాదు. అందుచేత తరువాత వచ్చిన అలలు ముందటి వాటితో కలిసిపోయేవి. జర్మనీ, రష్యా శాస్త్రజ్ఞులు ఇంతకంటె మెరుగైన పరికరాలను చేశారు. అయినా ప్రపంచమంతా ఒక్కటై భూమిని కనిపెట్టి ఉండాలన్న మిల్న్ మార్గాన్నే అందరూ అనుసరించారు.

1908లో రాయల్ సొసైటీ ఆయనకు రాయల్ పతకాన్ని ఇచ్చి గౌరవించింది. 1913 జూలై 31న షైడ్‌లోనే ఆయన కన్నుమూశారు. కొన్నేండ్లకు టోనె తన పుట్టిన దేశానికి తిరిగి వెళ్ళింది.

నేడు దీపం, ఫోటో కాగితం లేవు. వాటి స్థానాన్ని డేటా లాగర్ అనే చిన్న పెట్టె ఆక్రమించింది. కాని చేయవలసిన పని అదే. రోడ్లకు, పెద్ద చెట్లకు, బోరు మోటార్లకు దూరంగా గట్టి నేలను ఎన్నుకోవాలి. గుంట తీసి, కదలికను పసిగట్టే పరికరాన్ని మట్టం సరిచూచి, ఉత్తర దిక్కుకు తిప్పి నిలపాలి. అది పంపే సంకేతాన్ని లాగర్ సెకనుకు నూరు మార్లు కూడా కొలిచి, అంకెలుగా మార్చి దాచుకొంటుంది. బ్యాటరీ దానికి శక్తినిస్తుంది. ఉపగ్రహాల నుండి వచ్చే కాలం మిల్న్ గడియారపు ముల్లు చేసిన పనిని చేస్తుంది. 1993 సెప్టెంబరు 30న లాతూరు ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు, హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు పరికరాలతో ఆ పల్లెలకు పోయి, వెనువెంట వచ్చిన చిన్న కంపనలను నమోదు చేశారు.

2004 డిసెంబరు 26 ఉదయం సుమత్రా దీవి దగ్గర సముద్రగర్భంలో పెను భూకంపం వచ్చింది. దాని అలలు కొద్ది నిమిషాలలోనే మన పరికరాలను చేరాయి. సునామీ కెరటాలు చెన్నై తీరానికి రావటానికి రెండు గంటలకు పైగా పట్టింది. పరికరాలు రాశాయి. కాని ఆ వ్యవధిలో తీరంలోని జాలరులను హెచ్చరించే ఏర్పాటు అప్పుడు లేదు. ఆ కొరత తీర్చటానికి 2007లో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం నెలకొన్నది.

నేల ఎప్పుడు కదులుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. కదిలిన ప్రతిసారీ జాగ్రత్తగా రాసి, ఆ రాతను నలుగురితో పంచుకొని, అది చెప్పేదానిని వెంటనే ఆచరణలో పెట్టటం మాత్రం మనిషి చేతిలో ఉన్నది. అగ్నిలో సర్వం పోగొట్టుకొని కూడా ఆ పనిని విడువని జాన్ మిల్న్ జీవితం మనకు ఆదర్శం.

ప్రశ్నలు

1. చెరువులోని ఆకును ఉదాహరణగా తీసుకొని, భూకంపం పుట్టిన చోటును తెలుసుకొనే విధానాన్ని వివరించండి.
2. మిల్న్ పోస్టుకార్డుల ద్వారా ఏమి తెలుసుకొన్నారు?
3. మిల్న్ పరికరంలో గంట గుర్తులు ఎందుకు ముఖ్యం?
4. 1895 అగ్నిప్రమాదం తరువాత మిల్న్ చేసిన సంకల్పం ఏమిటి? దాని ఫలితమేమి?
5. మీ పాఠశాల ఆవరణలో డేటా లాగర్ నిలపవలసివస్తే ఏ చోటును ఎన్నుకొంటారు? కారణాలతో రాయండి.