స్వరాల చాటున నవ్వు

నవరసాలలో హాస్యాన్ని పోషించడం కష్టం. మాట తోడు లేకుండా, ఒక్క పియానో మెట్ల మీదనే దానిని పలికించడం మరింత కష్టం. అందుకు పూనుకొన్నవారిలో ఫ్రెంచి స్వరకర్త ఎరిక్ సాతీ ప్రముఖుడు.

సాతీ 1866 మే 17న ఫ్రాన్సు దేశంలోని ఓన్‌ఫ్లర్ అనే రేవుపట్టణంలో జన్మించాడు. ఆరేళ్ల వయసులోనే తల్లిని కోల్పోయి తాతగారింట పెరిగాడు. పారిస్ సంగీత కళాశాలలో గురువులు ఆయనను సోమరిగా లెక్కకట్టారు. చదువు సాగలేదు. పానశాలలలో పియానో వాయిస్తూ పొట్టపోసుకొన్నాడు. 1898లో పారిస్ శివార్లలోని ఆర్కయ్‌లో ఒక చిన్న గదిలో చేరాడు. అక్కడినుండి నగరానికి తరచు నడిచే వెళ్లేవాడు.

ఆయన రచనలలో శాస్త్రం లోపించిందని కొందరు ఆక్షేపించేవారు. సాతీ వాదానికి దిగలేదు. 1905లో, 39 ఏళ్ల వయసులో, మరొక సంగీత విద్యాలయంలో విద్యార్థిగా చేరాడు. పాఠం చెప్పిన రూసెల్ ఆయనకంటె మూడేళ్లు చిన్నవాడు! 1908లో పట్టా పుచ్చుకొన్నాడు.

ఆయన హాస్యరచనలలో పేరుపొందినవి ఎక్కువగా ఆ తరువాత వెలువడినవే. శాస్త్రం తెలిసినవాడే దానితో చెలగాటమాడగలడు. మన చాటుకవులూ ఛందస్సును వదలి నవ్వించలేదు కదా! 1913లో ఎండిన సముద్రజీవుల పేరిట మూడు ఖండికలు కూర్చాడు. వాటిలో ఒకచోట షోపెన్ రచించిన ప్రసిద్ధ శవయాత్రాగీతాన్ని వంకరగా వినిపించి, అది షూబర్ట్ నాట్యగీతమని గంభీరంగా రాశాడు. 1917 నాటి మరొక రచనలో ఒక గుమాస్తా కార్యాలయానికి బయలుదేరి, పదోన్నతిని గూర్చి కలలు కంటూ కూర్చుంటాడు. పియానో నేర్చుకొనే పిల్లలందరికీ పరిచితమైన క్లెమెంటి పాఠమే ఆ గుమాస్తా కథకు సంగీతం.

ఇటువంటి కథలను, చమత్కారాలను సాతీ స్వరాల నడుమ రాసేవాడు. అయితే వాయించేటప్పుడు వాటిని పైకి చదవరాదని 1914లో నిషేధించాడు. సభలోనివారికి స్వరాలు మాత్రమే వినిపిస్తాయి. ఆ నవ్వు వాయించే ఏకాకికే దక్కుతుంది. రాసినవాడూ ఏకాకియే.

సాతీ 1925 జూలై 1న పారిస్‌లో మరణించాడు. 27 ఏళ్లపాటు ఆ ఆర్కయ్ గదిలోకి ఆయన ఏ మిత్రునీ రానీయలేదు. మరణానంతరం వారు తలుపు తెరిచారు. దుమ్ము, గొడుగులు, పాడుబడిన పియానోలు కనిపించాయి. ఎక్కడో పోగొట్టుకొన్నానని సాతీ భావించిన ఒక రచన రాతప్రతి ఆ గదిలోనే దొరికింది.