నిద్రను పరిశీలించిన అరిస్టాటిల్

క్రీ.పూ. 384లో గ్రీసుదేశమందలి స్టాగిరా నగరమున అరిస్టాటిల్ జన్మించెను. అతని తండ్రి మాసిడోనియా రాజవైద్యుడు. పదునేడవ యేట నతడు ఏథెన్సు చేరి, ప్లేటో శిష్యుడై యిరువది సంవత్సరములు విద్య నభ్యసించెను. గురువు మరణించిన కొంతకాలమునకు లెస్బోస్ ద్వీపమున కేగి, సముద్రజీవుల నోపికతో పరిశీలించెను.

చాల చేపలకు కనురెప్పలు లేవు. అవి నిద్రించుచున్నవని తెలియుట యెట్లు? తోకను మాత్రము మెల్లగా కదల్చుచు అవి నిశ్చలముగా నుండు వేళ చేతితో పట్టుకొనవచ్చునని అతడు గ్రహించెను. కీటకములును నిద్రించునని వ్రాసెను. ఇంద్రియములు విరామము లేక పనిచేయజాలవు గావున, జంతువులకెల్ల నిద్ర యవసరమని నిశ్చయించెను. ఆహారమునుండి పుట్టి పైకెగయు ఆవిరియే నిద్రకు కారణమని కూడ తలచెను.

క్రీ.పూ. 323లో అతని శిష్యుడగు అలెగ్జాండరు మరణింపగా, ఏథెన్సువారు అరిస్టాటిల్‌పై దైవద్రోహ నేరము మోపిరి. అతడు కాల్సిస్ నగరమునకు తరలిపోయి, మరుసటి యేట మరణించెను.

ఆవిరి సిద్ధాంతము కాలక్రమమున వీగిపోయెను, పరిశీలన నిలిచెను. క్రీ.శ. 2000లో పండ్ల యీగలకు, 2017లో మెదడే లేని ఒక జాతి జెల్లీచేపలకు నిద్ర గలదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. జీవపరిణామమున మెదడుకంటె ముందే నిద్ర పుట్టి యుండునని నేడు పెక్కుమంది తలచుచున్నారు. ఊహ తప్పినను, శ్రద్ధతో చూచి వ్రాసిన సత్యము చిరకాలము నిలుచునని అతని జీవితము చాటుచున్నది.