కోడి రామమూర్తి గారి ఊపిరి

తెల్లవారుజామున హాస్టల్ ఆవరణలో ఆసనాలు వేయిస్తే మాలో చాలామందికి నచ్చేది శవాసనమే. పడుకోవచ్చు కదా! ప్రాణాయామమంటే మహా బద్ధకం. సిద్దిపేట హాస్టల్ అన్నం తిని పి.జి. దాకా వచ్చిన మేము ఊపిరి సంగతి తెలుసుకున్నది మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారి జీవితం చదివాకే.

ఆయనది నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టం. చిన్నప్పుడే తల్లి పోతే విజయనగరంలో చిన్నాన్న ఇంట పెరిగారు. పుస్తకాల కంటే వ్యాయామశాల మీదే మనసు. మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది వచ్చి విజయనగరంలో డ్రిల్లు మాస్టారయ్యారు.

తర్వాత సర్కసు కంపెనీ పెట్టి దేశమంతా తిరిగారు. కదిలే కార్లను గొలుసులతో పట్టి ఆపేవారు. ఏనుగును ఛాతీపై ఎక్కించుకునేవారు. అందరూ ఆ ఏనుగు గురించే చెబుతారు. మాకు మాత్రం ఇంకో ప్రదర్శనే గొప్పగా తోస్తుంది. ఒంటికి ఇనుప గొలుసు బిగించి కట్టించుకుని, గుండెల నిండా గాలి పీల్చి, ఛాతీ పొంగించి దాన్ని తెంచేవారు. అక్కడ కండతో పాటు ఊపిరిదీ పనే. పైగా ఆయన శాకాహారి అంటారు. గుడ్డు పెట్టని రోజు గొణుక్కునే మాకు ఇది వింతే!

బాగా సంపాదించారు, దానధర్మాలకు అలాగే ఖర్చు చేశారు. చివరి రోజుల్లో కాలికి పుండు లేచి, కాలే తీసేయాల్సి వచ్చింది. మత్తుమందు వద్దని ప్రాణాయామంతోనే ఆ బాధ ఓర్చుకున్నారని చెబుతారు. మా అయ్యలకు, అమ్మలకు రెక్కల కష్టం తప్ప వేరే ఆస్తి లేదు. అందుకే ఈ ముక్క దగ్గర ఎప్పుడూ ఆగిపోతాం.

1942లో ఆయన కన్నుమూశారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.