వంటశాలలో సాగిన ఆరాధన

భగవంతుని ఆరాధించాలన్న కోరిక మనసులో పుట్టడం ఒక ఎత్తు, ఆ కోరికను ఏళ్ల తరబడి వాడిపోకుండా కాపాడుకోవడం మరొక ఎత్తు. తీర్థయాత్ర ముగించుకొని ఇల్లు చేరిన నాలుగు రోజులకే గుండెలోని ఆర్ద్రత ఆవిరైపోవడం మనలో చాలామందికి అనుభవమే. అటువంటి వారు తెలుసుకోదగిన జీవితం ఒకటి పదిహేడవ శతాబ్దపు ఫ్రాన్సు దేశంలో గడిచింది. ఆయన మఠాధిపతి కాదు, పండితుడు కాదు, పూజారి పదవి కూడా పొందినవాడు కాదు. పారిస్ నగరంలోని ఒక క్రైస్తవ మఠంలో వంట చేసిన సేవకుడు. లోకం ఆయనను బ్రదర్ లారెన్స్ అని పిలుస్తుంది.

ఆయన అసలు పేరు నికొలా హెర్మన్. ఫ్రాన్సుకు తూర్పున ఉన్న లొరేన్ ప్రాంతంలో, లూనెవిల్ పట్టణానికి సమీపంలోని ఎరిమెనిల్ అనే పల్లెలో, 1614 ప్రాంతంలో జన్మించాడు. తల్లిదండ్రులు భక్తిపరులైన సామాన్యులు. పెద్ద చదువులు అబ్బలేదు. పద్దెనిమిదేళ్ల వయసులో, ఒక శీతకాలపు రోజున, ఆకులన్నీ రాలి మోడుగా నిలిచిన చెట్టు ఒకటి ఆయన కంటబడింది. అటువంటి చెట్లు ఆ దేశంలో ప్రతి చలికాలమూ వేలకు వేలు కనిపిస్తాయి. కాని ఆనాడు ఆ యువకుని మనసులో ఒక తలపు మెదిలింది. కొద్ది నెలలలో ఈ మోడు చిగురిస్తుంది, పూస్తుంది, కాస్తుంది కదా. ఎండిన కొమ్మలో ఇంతటి జీవాన్ని దాచి ఉంచినవాని శక్తి ఎటువంటిది, కరుణ ఎటువంటిది అని. ఆ క్షణాన కలిగిన భగవత్ప్రేమ తన హృదయం నుంచి మరి తొలగిపోలేదని, తరువాతి దశాబ్దాలలో అది అంతకంటె పెరిగిందో లేదో కూడా చెప్పలేనని ఆయన వృద్ధాప్యంలో చెప్పుకొన్నాడు.

అంతటి అనుభూతి కలిగినవాడు వెంటనే సన్యసించి ఉంటాడని మనం ఊహిస్తాము. అలా జరుగలేదు. ఆయన సైన్యంలో చేరాడు. ఐరోపాను 1618 నుంచి 1648 వరకు దహించిన ముప్పై ఏళ్ల యుద్ధం అప్పుడు సాగుతున్నది. జర్మన్ సేనలు ఒకమారు ఆయనను పట్టుకొని, గూఢచారిగా భావించి ఉరి తీస్తామని బెదిరించాయి. తాను అటువంటివాడను కానని, తప్పు చేయలేదు గనుక చావుకు వెరవనని నిబ్బరంగా చెప్పడంతో విడిచిపెట్టారు. ఆ పిమ్మట స్వీడన్ దళాలతో జరిగిన పోరులో గాయపడి ఆయన ఇల్లు చేరుకున్నాడు. సైనిక జీవితంలో తాను చేసిన తప్పులను తలచుకొని ఆయన చాలాకాలం కుమిలిపోయాడు. ఆ తప్పులేవో ఎవరికీ వివరించలేదు.

మోడైన చెట్టు రగిల్చిన కోరిక మాత్రం లోపల నివురుగప్పి ఉన్నది. ఆయన మొదట ఏకాంతవాసానికి పూనుకొన్నాడు. ఒక ధర్మాత్ముని చెంత కొంతకాలం తపోజీవనం గడిపాడు. అక్కడ ఆయన మనసు ఒకనాడు పొంగేది, మరునాడు కుంగేది. ఒకపూట ప్రశాంతత, మరుపూట కల్లోలం. కట్టుబాటు లేని ఏకాంతం తనవంటి కొత్తవానికి తగదని గ్రహించి అక్కడినుంచి వెనుదిరిగాడు. కోరికకు ఒక నియమం, ఒక గూడు అవసరమని తెలుసుకోవడం ఆయన సాధనలో తొలి మెట్టు అని నాకు తోస్తుంది. తరువాత పారిస్‌లో ఫియుబే అనే కోశాధికారి ఇంట పరిచారకునిగా పనిచేశాడు. అక్కడ చేతికందిన ప్రతిదీ పగులగొట్టేంత మొరటువాడనని తన్ను తానే వర్ణించుకొన్నాడు.

1640లో, ఇరవయ్యారేళ్ల ప్రాయంలో, పారిస్‌లోని కార్మెలైట్ సన్యాసుల మఠంలో ప్రవేశించాడు. స్పెయిన్ దేశపు యోగిని అవిలా తెరేసా పదహారవ శతాబ్దంలో సంస్కరించిన సంప్రదాయం అది. వంటింటి గిన్నెల నడుమ కూడా ప్రభువు సంచరిస్తాడని ఆమె తన శిష్యురాండ్రకు బోధించినది. ఆ మాట ఆమె వారసులలో ఎవరికి అక్షరాలా వర్తించిందంటే ఈయనకే. చదువు లేనందున ఆయనకు పౌరోహిత్యం దక్కలేదు. కాయకష్టం చేసే సేవక సహోదరునిగా స్వీకరించి, పునరుత్థాన లారెన్స్ అని నామకరణం చేశారు. 1642లో శాశ్వత వ్రతాలు చేపట్టాడు. మఠంలో తన మొరటుతనానికి చర్మం ఒలిచేంత శిక్షలు పడతాయని, సుఖాలన్నీ దేవునికి బలి ఇచ్చుకోవచ్చునని ఆశించి వచ్చానని, తృప్తి తప్ప మరేమీ దొరకక తాను మోసపోయానని ఆయన వృద్ధాప్యంలో నవ్వుతూ చెప్పేవాడట.

ఆ నవ్వు వెనుక ఉన్న కాలాన్ని గురించి సాధారణంగా ఎవరూ చెప్పరు. బ్రదర్ లారెన్స్ అనగానే గరిటె చేతబట్టి చిరునవ్వులు చిందించే భక్తుని రూపమే చాలామంది చూపిస్తారు. మఠంలో చేరిన తొలి పదేళ్లు ఆయన అంతరంగం రణరంగమే. కోరినంతగా దేవునికి సమర్పితుడను కాలేకపోతున్నానన్న వేదన ఒకవైపు, పాత పాపాలు కళ్లెదుట కదలాడడం మరొకవైపు. పడేవాడు, లేచేవాడు, మరల పడేవాడు. సాటి మనుషులు, తన వివేకం, చివరకు దేవుడు కూడా తనకు ఎదురు నిలిచినట్లు, ఒక్క విశ్వాసం మాత్రమే తన పక్షాన మిగిలినట్లు తోచేదని తరువాత ఒక లేఖలో రాసుకొన్నాడు. తనకు నరకమే గతియని నాలుగేళ్లపాటు దృఢంగా నమ్మాడు. ఎవరి ఓదార్పూ ఆ నమ్మకాన్ని కదల్చలేకపోయింది.

ఈ స్థితిలో ఆయన ఏమి చేశాడన్నదే మనకు ముఖ్యం. తాను మఠంలో చేరింది భగవత్ప్రేమ కోసం. ఇప్పుడు తనకు మోక్షం దక్కినా, దక్కకపోయినా, ఆ ప్రేమతోనే పనులు చేస్తాను; చివరకు ఏమి మిగలకపోయినా మరణం వరకు ఆయనను ప్రేమించడానికి నా వంతు చేశానన్న తృప్తి మిగులుతుంది అని నిశ్చయించుకొన్నాడు. ఫలాన్ని లెక్కలోనుంచి తీసివేశాడు. ఇక ఈ బాధతోనే జీవితం ముగుస్తుందని సమాధానపడిన తరుణంలో, తలవని తలంపుగా, మనసు ఒక్కసారిగా మారిపోయింది. కలత అణగి లోతైన శాంతి కుదురుకొన్నది. ఆ మార్పు ఎందుకు, ఎలా కలిగిందో ఆయన వివరించబోలేదు. మనమూ ఊహాగానాలు చేయనక్కరలేదు.

వంటపని ఆయనకు ఇష్టమై దొరికినది కాదు. వంటశాలంటే స్వభావసిద్ధంగానే ఆయనకు ఏవగింపు. అయినా సుమారు పదిహేనేళ్లు అక్కడే పనిచేశాడు. పని మొదలుపెట్టే ముందు, ఇది నీ పని, దీన్ని చేసే శక్తి ఇవ్వు, నన్ను నీ సన్నిధిలో ఉంచు అని ప్రార్థించేవాడు. పని నడుమ ఆ పలుకరింపు సాగుతూనే ఉండేది. పని ముగిశాక ఎలా చేశానా అని తరచి చూసుకొనేవాడు. బాగా జరిగితే కృతజ్ఞత తెలిపేవాడు, పొరపాటు దొరలితే క్షమాపణ వేడుకొని, మరి దానిని పట్టుకొని వేలాడక మరల సన్నిధికి చేరేవాడు. పెనం మీది ఆమ్లెట్టును తిరగవేయడం కూడా దేవుని ప్రేమ కోసమే. అది అయ్యాక వేరే పని లేకపోతే నేలపై సాష్టాంగపడి నమస్కరించి, రాజుకంటె సంతుష్టుడై లేచేవాడు. ఎంత రద్దీలోనూ తొందరపాటు లేదు, జాప్యం లేదు. ఒకేసారి పదిమంది పది కోర్కెలతో పిలిచే వంటశాలలో కూడా, ప్రార్థనాలయంలో మోకరిల్లినప్పుడు ఉన్నంత ప్రశాంతతే తనకు ఉంటుందని ఆయన చెప్పిన మాటను సాటివారు కళ్లారా చూసి ధ్రువపరిచారు.

నియమిత ప్రార్థనా సమయాలకూ మిగతా సమయాలకూ తనకు భేదం లేదని ఆయన చెప్పిన మాట ఒకటి ఉన్నది. దానిని పట్టుకొని, పనే పూజ గనుక వేరే పూజ ఎందుకని వాదించేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వారు ఒక సంగతి మరచిపోతారు. మఠాధిపతి ఆజ్ఞ ప్రకారం నియమిత వేళలలో ఆయన ఏకాంత ప్రార్థనకు వెళ్లేవాడు. తొలి ఏళ్లలో ఆ సమయమంతా భగవంతుని సాన్నిధ్యాన్ని మనసులో నాటుకోవడానికే వినియోగించాడు. అలా నాటిన విత్తనమే తరువాత పొయ్యి దగ్గర మొలకెత్తినది.

గ్రంథాలలో చెప్పిన ధ్యానపద్ధతులు తనకు పట్టుబడలేదని ఆయన దాచుకోలేదు. ధ్యానానికి కూర్చుంటే తలపులు చెదరిపోయేవి. అటువంటి బాధతో తనకు లేఖ రాసిన ఒక సన్యాసినికి ఆయన ఇచ్చిన సలహా మనకూ పనికివస్తుంది. ధనవంతుని గుమ్మం ముందు పడి ఉన్న మూగవాడైన బిచ్చగానివలె దేవుని ముందు ఉండిపొమ్మన్నాడు. మనసు పారిపోతే దానితో కలహించక నెమ్మదిగా వెనుకకు తీసుకురమ్మన్నాడు. ప్రార్థన వేళ మనసు నిలవాలంటే మిగతా వేళల్లో దానిని మరీ దూరం తిరగనీయకూడదన్నాడు. యుద్ధానికి వెళ్లే ఒక యువ సైనికుని విషయం వచ్చినప్పుడు, కత్తి చేతబట్టి నడుస్తూ కూడా హృదయాన్ని ఒక్క క్షణం పైకెత్తవచ్చునని, దానివల్ల ధైర్యం తగ్గదని రాశాడు. తాను ఒకనాడు సైనికుడు గనుక ఆ మాటకు బరువున్నది. తొందరపడి ఒక్కరోజులో పుణ్యాత్ములు కాగోరేవారిని మాత్రం సున్నితంగా మందలించేవాడు.

ఇష్టంలేని పనులు వంటతో ఆగలేదు. మఠానికి ద్రాక్షాసవం కొనుక్కురమ్మని ఆయనను ఓవర్న్‌కు, బర్గండీకి పంపారు. ఆ దేశంలో అది భోజనంలోనూ, ఆరాధనలోనూ నిత్యం వాడే వస్తువు. బేరసారాలు తెలియవు, పైగా కాలు కుంటి. పడవలో పీపాల మీద దొర్లుతూ తప్ప కదలలేకపోయేవాడు. ఇది నీ వ్యవహారమే స్వామీ అని దేవునికి అప్పగించి బయలుదేరాడు. అంతా చక్కగానే జరిగింది. ఎలా జరిగిందో తనకు తెలియదని చెప్పాడు. వంటకు శరీరం సహకరించనప్పుడు మఠవాసుల చెప్పులు బాగుచేసే పనికి మార్చారు. పాదరక్షలు లేనివారని వారికి పేరున్నా చెప్పులు తొడుగుకొనేవారు. ఆ పని ఆయనకు నచ్చినది. అయినా ఎప్పుడు విడువమంటే అప్పుడు విడిచిపెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు.

ఆయన మాటలు మనదాకా చేరడానికి కారకుడు జోసెఫ్ ద బోఫోర్ అనే మతాచార్యుడు. 1666 ఆగస్టు 3న ఆయన మొదటిసారి బ్రదర్ లారెన్స్‌ను కలుసుకొని, ఆ సంభాషణలను రాసిపెట్టుకొన్నాడు. ఆ వంటవాని మరణానంతరం 1692లోనూ, 1694లోనూ లేఖలనూ, సూక్తులనూ, సంభాషణలనూ ప్రచురించాడు. అన్నీ కలిపినా చిన్న పుస్తకమే. దొరికిన లేఖలు పదహారు. పండితుడైన ఫెనెలోన్ ఈ వృద్ధుని జబ్బు మంచం దగ్గర చూసి, అంతటి వ్యాధిలోనూ ఆ ఉల్లాసానికి ముగ్ధుడయ్యాడు. అయితే ఫెనెలోన్ గ్రంథాన్ని 1699లో రోమ్ ఖండించడంతో, ఆయనకు ప్రియమైన ఈ పుస్తకం కూడా ఫ్రాన్సులో మరుగున పడింది. దానిని ఆదరించి నిలిపినవారు ముఖ్యంగా ప్రొటెస్టెంటు క్రైస్తవులు. ఆంగ్లంలో భగవత్సన్నిధి సాధన అన్న అర్థం వచ్చే పేరుతో అది నేటికీ అచ్చవుతున్నది.

చివరి సంవత్సరాలలో ఆయనను కాలినొప్పి, పుండు వేధించాయి. బాధను తొలగించమని ప్రార్థించలేదు, ఓర్చుకొనే బలాన్ని మాత్రం కోరుకొన్నాడు. 1691 ఫిబ్రవరిలో రాసిన చివరి లేఖలో, కొద్ది రోజులలో దైవదర్శనం అవుతుందని ఆశిస్తున్నట్లు తెలిపాడు. మరణశయ్యపై ఉండగా ఒక మఠవాసి దగ్గరకు వచ్చి, ఇప్పుడు మనసు దేనియందు నిలిచి ఉన్నదని అడిగాడు. అనంతకాలం చేయబోయే పనినే ఇప్పుడూ చేస్తున్నానని, దేవుని స్తుతిస్తూ, ఆరాధిస్తూ, హృదయమంతటితో ప్రేమిస్తూ ఉన్నానని ఆయన బదులు చెప్పాడు. 1691 ఫిబ్రవరి 12వ తేదీ ఉదయం, ఏ వేదనా లేకుండా, చివరి వరకు తెలివితో ఉండి కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు దాదాపు డెబ్బై ఏడేళ్లు. పారిస్‌లో అది శీతకాలం, చెట్లు ఇంకా చిగురించని మాసం.