తోలు శాస్త్రవేత్త డాక్టర్ యలవర్తి నాయుడమ్మ

మన సాంఘిక సంక్షేమ వసతి గృహం వార్షికోత్సవ సంచికలో మహనీయుల జీవితాలు చాలా వచ్చాయి. అంబేద్కర్ గురించి, ఫూలే గురించి, జాషువా గురించి మన అన్నలు మాకంటే బాగా రాశారు. ఈసారి మేము ఒక శాస్త్రవేత్త గురించి రాద్దామనుకున్నాం. ఆయన మన కులం వాడు కాదు, మన జిల్లా వాడూ కాదు. అయినా మన తాతల పనిని ఆయన తన జీవితకాలపు చదువుగా చేసుకున్నారు. ఆయనే డాక్టర్ యలవర్తి నాయుడమ్మ.

ముందుగా మన తాతల పని ఏమిటో చెప్పుకోవాలి, ఎందుకంటే చిన్న తరగతుల తమ్ముళ్లకు ఇది తెలియదు. కరెంటు మోటార్లు రాక ముందు మన సీమలో బావి నీళ్లు తోడింది కపిల. ఎద్దులు వెనక్కూ ముందుకూ నడుస్తుంటే తోలు బాన బావిలోకి దిగి నీళ్లు పట్టుకొచ్చేది. ఆ బాన, దాని తోలు తొండం, రైతు కాలి చెప్పులు, జాతరలో మోగే డప్పు, ఇవన్నీ మాదిగపల్లెలో తయారయ్యేవి. పచ్చితోలును సున్నం నీళ్లలో నానబెట్టి, వెంట్రుక రాల్చి, లోపలి వైపు అంటుకున్న మాంసం గీకి, తంగేడు చెక్క, కరక్కాయ వేసిన లందలో వారాల తరబడి ఊరబెట్టేవారు. తంగేడు మన గుట్టల మీద ఊరికే పెరిగే మొక్క. ఆ చెక్కలోని వగరు పదార్థమే తోలును కుళ్లకుండా కాపాడుతుంది. ఈ సంగతి ఏ పుస్తకమూ చదవని మన తాతలకు తెలుసు. కానీ ఆ విద్యకు దక్కిన గౌరవం ఏమిటి? లంద ఊరికి దూరంగా, మనిషి ఇంకా దూరంగా. సున్నానికి చేతులు పగిలేవి. ఆ వాసన తమకు అంటుతుందని ఊరివాళ్లు పక్కకు తప్పుకునేవారు. మన ఫారాల్లో తండ్రి వృత్తి అన్న గడి దగ్గర ఇప్పటికీ కొందరి పెన్ను ఆగుతుంది.

నాయుడమ్మ గారు 1922 సెప్టెంబరు 10న అప్పటి గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతంలోని యలవర్రు గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. గుంటూరు ఏ.సి. కాలేజీలో ఇంటర్మీడియట్, తరువాత కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయన శాస్త్రం చదివారు. అంత చదివినవాడు చక్కెర వైపో, మందుల వైపో పోవచ్చు. ఆయన మద్రాసులో తోలు విద్య నేర్చుకునే చోట చేరారు. పొలమూ పరువూ ఉన్న ఇంటి నుంచి వచ్చినవాడు పచ్చితోళ్ల మధ్య నిలబడడం 1940లలో చిన్న విషయం కాదు. ఆ తరువాత ఇంగ్లండులోనూ, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలోనూ తోలు రసాయన శాస్త్రం చదివి డాక్టరేటు సంపాదించారు.

1948లో మద్రాసు అడయారులో కేంద్రీయ చర్మ పరిశోధనా సంస్థకు పునాది రాయి పడింది. దాన్నే అందరూ సి.ఎల్.ఆర్.ఐ. అంటారు. మొదటి రోజుల నుంచీ ఆ సంస్థతో ఉన్న నాయుడమ్మ గారు 1950ల చివర్లో దాని డైరెక్టరు అయి 1971 దాకా నడిపించారు. అప్పటికి మన దేశపు తోళ్ల వ్యాపారం ఎలా ఉండేదంటే, పచ్చితోలో, సగం పదును చేసిన తోలో ఓడలెక్కి విదేశాలకు పోయేది. అక్కడ బూటు అయ్యేది, సంచీ అయ్యేది. లాభమంతా వాళ్లకు, ముడి సరుకు ధర మాత్రం మనకు. మన సంతలో వేరుశనగ అమ్ముకుని నూనె అంగట్లో కొనుక్కున్నట్టు!

ఆయన చేసిన పని ఒక్క ప్రయోగశాలలో జరిగింది కాదు. శాస్త్రవేత్తలను టానరీలకు పంపారు, టానరీ యజమానులను ప్రయోగశాలకు రప్పించారు. చదువు, పరిశోధన, పరిశ్రమ ఒకే ఆవరణలో ఉండాలని పట్టుబట్టారు. అందుకే తోలు సాంకేతిక శాస్త్రంలో డిగ్రీ చదివే విద్యార్థులు విశ్వవిద్యాలయంలోనూ, సి.ఎల్.ఆర్.ఐ.లోనూ పాఠాలు నేర్చుకునే ఏర్పాటు కుదిరింది. చచ్చిన పశువును కోసే దగ్గర నుంచి చెప్పు కుట్టే దాకా మొత్తం ఒక గొలుసుగా చూడడం ఆయన పద్ధతి. చర్మం సరిగా ఒలవకపోతే కత్తిగాటు పడుతుంది, గాటు పడిన తోలుకు ధర ఉండదు, ధర లేకపోతే ఆ కుటుంబానికి కూలి గిట్టదు. గీకిన మాంసంతో, తోలు ముక్కలతో జిగురు చేయవచ్చు. ఎముకా, వెంట్రుకా కూడా సరుకే. పారేసేదాన్ని తగ్గించడమంటే పేదవాడి రాబడి పెంచడమేనని ఆయన పని తీరు చూస్తే అర్థమవుతుంది.

ఇప్పుడు పెద్ద కంపెనీలన్నీ పర్యావరణం అంటున్నాయి. ఫ్యాక్టరీ కట్టేశాక చివర్లో ఒక శుద్ధి యంత్రం పెట్టడం కాదు, వస్తువును రూపకల్పన చేసేటప్పుడే దాని వ్యర్థం ఎక్కడికి పోతుందో ఆలోచించాలని నిపుణులు చెబుతున్నారు. ఆ పని చేయాల్సింది నాయకత్వంలో ఉన్నవాళ్లే. ఏ రసాయనం వాడాలి, ఎన్ని నీళ్లు పొయ్యాలి అన్నది లంద దగ్గర పనివాడు నిర్ణయించలేడు కదా. ఈ కొలతతో నాయుడమ్మ గారి జీవితాన్ని చూస్తే గొప్పతనమూ కనిపిస్తుంది, మిగిలిపోయిన పనీ కనిపిస్తుంది. రెండూ రాయకపోతే ఇది పొగడ్త అవుతుంది గానీ జీవిత చరిత్ర కాదు.

1970ల మొదట్లో సీతారామయ్య సంఘం సిఫారసులతో కేంద్ర ప్రభుత్వం సగం పదును చేసిన తోళ్ల ఎగుమతికి కళ్లెం వేసింది. పూర్తిగా తయారైన తోలు, చెప్పులు, వస్తువులే బయటికి పోవాలన్నది విధానం. సి.ఎల్.ఆర్.ఐ. అన్నేళ్లుగా పెంచిన విద్య, తయారు చేసిన మనుషులు ఉండబట్టే పరిశ్రమ ఆ మార్పును తట్టుకోగలిగింది. అంబూరు, వాణియంబాడి, రాణిపేటల్లో వేలాది మందికి పని దొరికింది.

కానీ తంగేడు చెక్క వారాల్లో చేసే పనిని క్రోమియం ఉప్పు ఒక్క రోజులో చేస్తుంది. అందుకే పరిశ్రమ ఎక్కువగా క్రోమ్ వైపు తిరిగింది. మద్రాసులో క్రోంపేట అనే పేరు కూడా ఒక క్రోమ్ తోలు కంపెనీ వల్ల వచ్చిందే. ఇంకో విచిత్రం, మద్రాసు రాజధానిలో 1900ల మొదట్లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ క్రోమ్ తోలు ప్రయోగాలు చేసినప్పుడు ఆయన దృష్టిలో ఉన్న వస్తువుల్లో కపిల బాన కూడా ఒకటి! మామూలు పద్ధతిలో వేసిన క్రోమియంలో మూడింట రెండు వంతులే తోలు పట్టుకుంటుంది. మిగతాది నీళ్లతో కాలువలోకి పోతుంది. తోలు కుళ్లకుండా ముందే పట్టించిన ఉప్పు కూడా అదే దారి. 1996 ఆగస్టు 28న వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక కేసులో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. కిలో తోలుకు సుమారు 35 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయని, టానరీల ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో పాడైందని ఆ తీర్పులో ఉంది. పాలారు ఒడ్డు బావుల్లో నీళ్లు తాగడానికి పనికిరాకుండా పోయాయి. కలుషితం చేసినవాడే దాని ఖర్చు భరించాలన్న సూత్రం మన దేశపు చట్టంలో గట్టిగా నిలిచింది ఈ తీర్పుతోనే.

ఈ నష్టాన్ని నాయుడమ్మ గారి నెత్తిన రుద్దడం న్యాయం కాదు. ఆయన నడిపింది పరిశోధన సంస్థను, టానరీలను కాదు. అయినా పరిశ్రమ పెరిగినంత వేగంగా కాలువ గురించిన ఆలోచన పెరగలేదు అన్నది నిజం. ఆయన కట్టిన సంస్థే తరువాత ఆ పని ఎత్తుకుంది. వాడిన క్రోమియాన్ని తిరిగి పట్టి మళ్లీ వాడే పద్ధతి, సున్నానికి బదులు ఎంజైములతో వెంట్రుక రాల్చడం, నీళ్లు లేకుండా క్రోమ్ పట్టించే పద్ధతి, ఇవన్నీ సి.ఎల్.ఆర్.ఐ. శాస్త్రవేత్తల కృషే. చుక్క నీటికి తపించే మన రాయచోటి వాళ్లకు కిలో తోలుకు 35 లీటర్లంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. మాండవ్య నదిలో నీళ్లు చూసి ఎన్నేళ్లయిందో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.

1971లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడాదే దేశంలోని శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన శాలలన్నిటికీ పైనున్న సి.ఎస్.ఐ.ఆర్. డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆ కాలంలోనే కరీంనగర్ జిల్లాను ఎంచుకుని, ప్రయోగశాలల విద్యను పల్లెల అవసరాలకు జోడించే పథకం మొదలైంది. ఢిల్లీలో కూర్చున్న శాస్త్రవేత్తలు పల్లె బాట పట్టడం అప్పటికి కొత్త. 1977లో ఆ పదవి వదిలి తిరిగి మద్రాసు చేరారు. 1981, 82 లలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా పనిచేశారు. ఈ పదవులన్నీ పెద్దవే గానీ, మాకు మాత్రం ఆయన అడయారు రోజులే ముఖ్యంగా తోచాయి.

1985 జూన్ 23న కెనడా నుంచి వస్తున్న ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లాండు దగ్గర సముద్రం మీద బాంబు పేలి కూలిపోయింది. అందులోని 329 మందిలో ఒక్కరూ మిగలలేదు. నాయుడమ్మ గారు ఆ విమానంలోనే ఉన్నారు. అప్పటికి ఆయన వయసు 62 ఏళ్లు.

ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకోవాలనుకునే తమ్ముళ్లకు ఒక సమాచారం. తోలు సాంకేతిక శాస్త్రంలో బి.టెక్. కోర్సు చెన్నై అన్నా విశ్వవిద్యాలయంలో సి.ఎల్.ఆర్.ఐ. తోడ్పాటుతో నడుస్తోంది. చెప్పుల డిజైన్ నేర్పే ఎఫ్.డి.డి.ఐ. అనే కేంద్ర సంస్థకు హైదరాబాదులో శాఖ ఉంది. లంద దగ్గర నిలబడిన మనిషి మనుమడు ఏ రసాయనం వాడాలో నిర్ణయించే బల్ల దగ్గర కూర్చోవాలంటే దారులు ఇవే. దరఖాస్తు వివరాలు కావాలంటే వార్డెన్ సార్‌ను కలవండి.